ఇద్దరికీ ఒక్క రోజులో హైదరాబాద్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు పాతబస్తీ చూపిస్తానని గొప్పగా తీసుకెళ్లాను. తనది రాజమండ్రి. నేను పుట్టిందీ పెరిగిందీ మలక్‌పేటలో, ఇక నాకు తెలియనిదేముంది అన్న ధీమా. ఆ రోజు శుక్రవారం. చౌమహల్లా ప్యాలెస్ గేటు మూసి ఉంది. పోనీలే అని ఆటో మాట్లాడుకుని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే అదీ మూసే ఉంది. తిరిగి చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి జుమ్మా నమాజుకు వచ్చిన జనంతో రోడ్డు నిండిపోయింది. "మీరు నిజంగా ఈ ఊరివాళ్లేనా?" అని ఆ రోజు తను అడిగిన ప్రశ్న మా ఇంట్లో ఇప్పటికీ పాతబడలేదు.

ఆ తర్వాత చాలాసార్లు సరిగ్గానే వెళ్లొచ్చాం. చుట్టాలు, ఆఫీసువాళ్లు, విజయవాడ నుంచో డల్లాస్ నుంచో వచ్చే స్నేహితులు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు.

ఒక్క రోజులో హైదరాబాద్ అంతా చూడగలమా?

చూడలేరు. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, రామోజీ ఫిల్మ్ సిటీ అని తొమ్మిది పేర్లు రాసుకుని వచ్చిన జంటలను చూశాను. సాయంత్రానికి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే స్థితిలో ఉండరు. పొద్దున చార్మినార్ చుట్టుపక్కల నడక, మధ్యాహ్నం దాటాక సమాధులు, సాయంత్రం గోల్కొండ. ఇంతే పెట్టుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీకి విడిగా ఒక రోజు కావాలి, దాన్ని ఇందులో కలపకండి.

ఏ రోజు వెళ్తే మంచిది?

శుక్రవారం మాత్రం వద్దు. ఎందుకో పైన చెప్పాను. చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండింటికీ శుక్రవారమే సెలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి కానీ చార్మినార్ మెట్ల దగ్గర క్యూలోనే గంట పోతుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా హాయి.

నెలల సంగతికి వస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గోల్కొండ రాళ్లు కాలిన పెనంలా ఉంటాయి. రంజాన్ నెలలో వస్తే పగలు హోటళ్లు మందకొడిగా ఉంటాయి, చీకటి పడ్డాక మాత్రం పాతబస్తీ మరో ఊరైపోతుంది. హలీం కోసమే వచ్చేవాళ్లుంటారు. ఆషాఢంలో అయితే బోనాలు మొదలయ్యేది గోల్కొండ కోటలోని జగదాంబ అమ్మవారి గుడిలోనే. ఆ రోజుల్లో కోట కిక్కిరిసి ఉంటుంది. బోనాలు చూడాలనుకుంటే రండి, కోట చూడాలనుకుంటే వేరే రోజు పెట్టుకోండి.

ఎన్నింటికి ఎక్కడుండాలి? గంటల లెక్కన చెప్పండి.

పొద్దున ఏడింటికల్లా చార్మినార్ ముందు ఉండండి. "టికెట్ కౌంటర్ తొమ్మిదిన్నరకు కదా తెరిచేది, అంత పొద్దున్నే దేనికి?" అని అందరూ అడుగుతారు. దానికోసమే వెళ్లాలి. అప్పటికి బండ్లు రావు, దుకాణాల షట్టర్లు లేవవు. పావురాలు, ఊడ్చేవాళ్లు, చాయ్ గ్లాసుల చప్పుడు, అంతే. నాలుగు వందల ఏళ్ల కట్టడం కింద మీ ఇద్దరికీ కాస్త చోటు దొరికేది ఆ రెండు గంటలే.

చాయ్ తాగి చార్‌కమాన్ (నాలుగు పాత కమానులు) దాకా నడవండి. మక్కా మసీదు చూసి తొమ్మిదిన్నరకు చార్మినార్ ఎక్కండి. పదిన్నరకల్లా చౌమహల్లా. పన్నెండు దాటాక లాడ్‌బజార్. అక్కడి నుంచి భోజనం. రెండున్నరకు బయల్దేరితే మూడున్నర లోపు సమాధుల దగ్గర ఉంటారు. నాలుగున్నరకు గోల్కొండ. ఐదున్నరకు కోట టికెట్లు ఆపేస్తారు కాబట్టి ఇక్కడ మాత్రం బద్ధకం పనికిరాదు.

కోట ముందు, చార్మినార్ తర్వాత అని తిప్పి కూడా చేయొచ్చు. లైట్ల వెలుగులో లాడ్‌బజార్ చూడాలన్న ఆశ ఉంటే అలాగే చేయండి. కానీ సాయంత్రం ఆరింటికి చార్మినార్ దగ్గర ఒకరి చెయ్యి ఒకరు వదిలితే మళ్లీ ఫోన్ చేసుకునే కలవాలి.

మెట్రోలో వెళ్లొచ్చా?

చార్మినార్ దాకా మెట్రో ఇంకా లేదు. దగ్గరి స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్). అక్కడి నుంచి ఆటోలో రెండున్నర కిలోమీటర్లు. సొంత కారు తీసుకెళ్లకండి. చార్మినార్ చుట్టూ బండ్లను రానివ్వరు, పార్కింగ్ వెతుక్కునే టెన్షన్‌లో పొద్దుటి చల్లదనం కాస్తా పోతుంది. చార్మినార్ నుంచి గోల్కొండ దాదాపు పది కిలోమీటర్లు. దానికి క్యాబ్ మేలు. సమాధుల నుంచి కోటకు ఆటో చాలు.

వేరే ఊరి నుంచి పొద్దున రైలు దిగి రాత్రి రైలెక్కేవాళ్లు సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేయండి. బ్యాగులకు తాళం ఉంటేనే తీసుకుంటారు.

చార్మినార్ పైకి ఎక్కనిస్తారా?

మొదటి అంతస్తు దాకానే. ఒక్కో మినార్‌లో పైదాకా 149 మెట్లున్నాయంటారు, మనం ఎక్కేది అందులో కొంతే. మెట్లు మలుపులు తిరుగుతూ వెళ్తాయి. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే గోడకు అతుక్కుపోవాలి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఎక్కాలి. మా ఆవిడ రెండోసారి చుడీదార్‌లో వచ్చింది.

పైకెళ్లాక ఊరి ప్లాన్ అరచేతి గీతల్లా కనిపిస్తుంది. నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు, ఉత్తరాన చార్‌కమాన్, పడమర లాడ్‌బజార్, ఆ పక్కనే మక్కా మసీదు. ఈ పథకం గీసింది కుతుబ్‌షాహీల పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ. కట్టడానికి నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం అప్పటివి కావు, 1889లో పెట్టినవి. పైఅంతస్తులో పడమటి వైపు ఒక మసీదు ఉంది, అక్కడికి వెళ్లనివ్వరు.

భాగమతి కథ నిజమేనా? మావారికి ఆ కథంటే ఇష్టం.

ఈ ప్రశ్న అడిగేది ఎప్పుడూ భార్యలే, "మావారికి" అని పెట్టి మరీ.

కథ అందరికీ తెలిసిందే. చార్మినార్ కట్టించిన సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా యువరాజుగా ఉన్నప్పుడు మూసీ అవతల చించలం అనే ఊళ్లోని భాగమతిని ప్రేమించాడు. ఒకసారి వరద పొంగుతున్నా గుర్రాన్ని నదిలోకి దూకించాడు. కొడుకు ఎక్కడ కొట్టుకుపోతాడోనని తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా నది మీద వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. తర్వాత ఆ పిల్ల పేరు మీదే భాగ్యనగరం వెలిసింది.

ఇప్పుడు లెక్క చూడండి. పురానాపూల్ కట్టింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే గుర్రం మీద నది దాటిన ప్రేమికుడికి పదమూడేళ్లు! అసలు భాగమతి అనే మనిషి ఉందా లేదా అన్నదాని మీదే చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు వంతెన వ్యాపారం కోసం కట్టిందే అనిపిస్తుంది. గోల్కొండ నుంచి మూసీ దక్షిణపు ఒడ్డుకు సరుకు రావాలి కదా. మా ఆవిడ ఒప్పుకోదు. "పదమూడేళ్లకు ప్రేమ పుట్టదని ఎవరు చెప్పారు?" అంటుంది. గోల్కొండ వెళ్లే దారిలో క్యాబ్ అతన్ని పురానాపూల్ మీదుగా పోనివ్వమని అడగండి, కథ చెప్పుకోవడానికి అదే సరైన చోటు.

చార్మినార్ కట్టింది 1591లో అన్నది మాత్రం ఖాయం. ప్లేగు తగ్గినందుకు మొక్కు అని ఒక మాట. హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం మొదలైంది అప్పుడే, కొత్త శతాబ్దికి కొత్త ఊరు, ఆ ఊరికి నడిబొడ్డున గుర్తు అని ఇంకో మాట. నేను రెండోదాని వైపు.

ఇంకో విషయం, మన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సింది. ఆ పురానాపూల్ కట్టించిన ఇబ్రహీంను మన కవులు "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి "తపతీ సంవరణోపాఖ్యానం" ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో దీవాన్ (కవితల సంపుటి) రాసిన కవి.

మక్కా మసీదు లోపలికి అందరూ వెళ్లొచ్చా?

ఆవరణలోకి ఎవరైనా వెళ్లొచ్చు, నమాజు వేళలు తప్పించి వెళ్లండి. నిక్కర్లు, పొట్టి బట్టలు కుదరవు. ఆడవాళ్లు తల మీద చున్నీ వేసుకోవాలి, ప్రార్థన హాల్లోకి వెళ్లకూడదు. చెప్పులు బయట.

17వ శతాబ్దం మొదట్లో, మహమ్మద్ కులీ తర్వాతి సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన ఈ మసీదును పూర్తి చేసింది ఆ వంశాన్నే కూల్చిన ఔరంగజేబు. మధ్యలో దాదాపు ఎనభై ఏళ్లు గడిచాయి. వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికి వచ్చినప్పుడు పని ఇంకా సాగుతూనే ఉంది. లోపలి ఒక్క రాయిని తవ్వి తీయడానికే ఐదేళ్లు పట్టిందని, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కావాల్సి వచ్చాయని ఆయన రాసుకున్నాడు. ఆవరణలో ఒక పక్క నిజాంల సమాధుల వరస ఉంది. 2023 జనవరిలో చివరి నిజాం మనవడు ముకర్రంజా బహదూర్‌ను తెచ్చి ఖననం చేసిందీ అక్కడే.

నీళ్ల తొట్టి దగ్గర పొడవాటి రాతి బల్లలున్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్ వచ్చి కూర్చుంటారని నమ్మకం. ఐదు నిమిషాలు కూర్చోండి. మేం వెళ్లిన ప్రతిసారీ కూర్చున్నాం, అందుకే కాబోలు ఊరు వదల్లేదు.

చౌమహల్లానా, సాలార్‌జంగా? ఒక్కదానికే టైముంది.

జంటగా వెళ్తే చౌమహల్లా. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

సాలార్‌జంగ్ పెద్దది. 1951లో దీవాన్ దేవిడీ అనే పాత మహల్లో మొదలై 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. దాన్ని గంటలో చూడటం అంటే పరుగు పందెం. చౌమహల్లా అలా కాదు. తోట, నీటి కొలను, చుట్టూ మహళ్లు, కూర్చోవడానికి నీడ. నిజాంల దర్బారు జరిగిన ఖిల్వత్ ముబారక్ హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టినా దించబుద్ధి కాదు. వెనక పాత కార్ల షెడ్డు ఉంది, అందులో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర మగవాళ్లు ఇరుక్కుపోతారు. ఆడవాళ్లు ఆ లోపు పక్కనున్న బట్టల గ్యాలరీ చూసి రావచ్చు. మా ఇంట్లో దీనికి ఉల్టా జరిగింది, అది వేరే సంగతి.

ఇద్దరిలో ఎవరికైనా గడియారాల పిచ్చి ఉంటే మాత్రం సాలార్‌జంగ్‌కే వెళ్లండి, అదీ పన్నెండుకు పావుగంట ముందు. అక్కడి సంగీత గడియారంలో గంట గంటకూ గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. ఇంకో పక్క కమ్మరి బొమ్మ సెకనుకోసారి సుత్తి వేస్తూనే ఉంటుంది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలూ వినొచ్చు. ఆ బొమ్మ బయటికి రాగానే రెండు వందల మంది పెద్దవాళ్లు ఒక్కసారిగా పసిపిల్లల్లా "అదిగో!" అంటారు. నాకు గడియారం కంటే ఆ మొహాలే ఇష్టం. అలాగే బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా శిల్పం. పాలరాతిలోనే పలచటి మేలిముసుగు, దాని వెనక మొహం. రాయి మీద తడిబట్ట కప్పారేమో అనిపిస్తుంది.

లాడ్‌బజార్‌లో గాజులు బేరం ఎలా ఆడాలి?

ముందు సైజు తెలుసుకుని వెళ్లండి. అక్కడ ఎవరూ చిన్న, పెద్ద అనరు. "రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా?" అని అడుగుతారు. 2.4, 2.6, 2.8 అన్నమాట. భార్య చేతి సైజు తెలియని భర్త అక్కడ దొరికిపోతాడు. నేను దొరికిపోయాను.

ఇక్కడి ప్రత్యేకత లక్క గాజులు. 2024లో వీటికి జీఐ గుర్తింపు (ఈ ఊరి సరుకేనన్న అధికారిక ముద్ర) కూడా వచ్చింది. తయారుచేసే కొట్టు ముందు ఒక్కసారి ఆగండి. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను వెచ్చచేస్తారు. మెత్తబడ్డాక చేత్తో సాగదీసి తాడులా చేసి, చుట్టి అతికి గాజు చేస్తారు. అది చల్లారకముందే మెరిసే రాళ్లను ఒక్కొక్కటీ అద్దాలి. రాయి అద్దే అమ్మాయి వేలికొన చూడండి, వేడి తగిలినట్టే ఉండదు. అరగంట చూశాక బేరం ఆడటానికి మీకే మొహమాటం వేస్తుంది.

అయినా ఆడాలి, ఆడకపోతే వాళ్లకే విసుగు. దుకాణాలు పదకొండు, పన్నెండు మధ్య తెరుస్తారు. అందుకే నేను పన్నెండు అన్నాను. అప్పటికి ఇంకా బోణీ కాని కొట్లుంటాయి. బోణీ బేరాన్ని వెనక్కి పంపడానికి ఏ దుకాణదారుకూ మనసొప్పదు. చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టి, మూడింట రెండొంతుల దగ్గర ఆగితే ఇద్దరూ నవ్వుతూ విడిపోతారు. మొదటి కొట్లో కొనొద్దు. మూడు కొట్లు తిరగండి. నాలుగోసారి మొదటి కొట్టుకే వస్తారు, అది రాసిపెట్టుంది.

ముత్యాల సంగతి వేరు. తెలిసినవాళ్లు తోడుంటే తప్ప వీధిలో కొనకండి. బిల్లు ఇచ్చే పెద్ద షాపుల్లో అయితే సరే. నాకు ఒకసారి జరిగింది చెప్తే మా ఆవిడ మళ్లీ మొదలెడుతుంది. "నిప్పుతో కాల్చి చూపిస్తా, అసలు ముత్యం" అన్న దండ రెండు నెలలకే పొట్టు రాలింది.

భోజనం ఎక్కడ? మేం శాకాహారులం.

పొద్దున ఇరానీ చాయ్‌తో మొదలుపెట్టండి. చార్మినార్ పక్కనే నిమ్రా ఉంది. డికాక్షన్ విడిగా, పాలు విడిగా మరిగి మరిగి గ్లాసులోనే కలుస్తాయి, అందుకే ఆ చిక్కదనం. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అనండి. ఉస్మానియా బిస్కెట్ ముంచి తినాలి, మూడు లెక్కపెట్టేలోపు తీయకపోతే గ్లాసు అడుగున దొరుకుతుంది.

శాకాహారులకు గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోసె బండి. ఉదయం పూట మాత్రమే. ఉప్మా, వెన్న, టొమాటో వేసి పెనం మీదే నలిపేస్తాడు. నెల్లూరు దోసెకు అలవాటుపడ్డవాళ్లు ముందు మొహం చిట్లిస్తారు, తర్వాత రెండోది చెప్తారు. మధ్యాహ్నానికి మాంసాహారులు ఘాన్సీబజార్‌లోని షాదాబ్‌లో బిర్యానీ తినొచ్చు. ఒక బిర్యానీ ఇద్దరికి చాలు. చివర్లో ఖుబానీ కా మీఠా మర్చిపోవద్దు. తిన్నాక అరగంట కదలకుండా కూర్చోండి. బిర్యానీ తిన్న వెంటనే కోట ఎక్కాలనే ఆలోచన చేసేది కొత్తవాళ్లే.

కొత్త జంట సమాధులకు వెళ్లొచ్చా? అమ్మ వద్దంటోంది.

అమ్మకు "తోటకు వెళ్తున్నాం" అని చెప్పండి. అబద్ధం కాదు, ఆ చోటు పేరే ఇబ్రహీంబాగ్.

ఊరు మొత్తంలో ఇద్దరు ప్రశాంతంగా నడవగలిగే చోటు ఇదేనని నా నమ్మకం. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు ఇక్కడ మరమ్మతులు చేయించింది, పని పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. 2013 వానల్లో గోడ కూలిపోయిన బడీ బావిడీ అనే మెట్ల బావిని రాయి రాయి ఏరి మళ్లీ కట్టారు. ఇప్పుడు అందులో నీళ్లు నిలుస్తున్నాయి.

చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి అన్నింటిలోకీ ఠీవిగా ఉంటుంది. పొద్దున ఆయన కట్టిన ఊరు చూసి సాయంత్రం ఆయన దగ్గరికి వచ్చినట్టవుతుంది. ఆయన కూతురు హయాత్ బక్షీ బేగం సమాధి కూడా చూడండి. ఒక సుల్తాన్ కూతురు, ఒక సుల్తాన్ భార్య, ఒక సుల్తాన్ తల్లి. విజయవాడ బస్సులో వచ్చేవాళ్లు దాటే హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. చివరి సుల్తాన్ తానీషా మాత్రం ఇక్కడ లేడు. ఔరంగజేబు బందీగా దౌలతాబాద్‌లో పోయాడు, అక్కడి దగ్గర్లోని ఖుల్దాబాద్‌లోనే పూడ్చారు.

గోల్కొండ ఎక్కగలమా? మోకాళ్ల నొప్పులున్నాయి.

పైదాకా 360 మెట్ల చిల్లర. ఆగుతూ ఎక్కితే నలభై నిమిషాలు. మోకాళ్లు బాగోలేకపోతే, లేదా మీ ఆవిడ నెలలు నిండే దశలో ఉంటే ఎక్కొద్దు. కిందే రాణీమహళ్లు, నగీనాబాగ్, గోడల్లో నీళ్లు పారిన మట్టి గొట్టాలు, చూసేది చాలానే ఉంది.

ఇక అసలు సరదా చప్పట్లు. బాలాహిస్సార్ ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి మండపంలో వినబడుతుంది. శత్రువు వచ్చాడని పైకి కబురు పంపే ఏర్పాటు అది. ఇద్దరిలో ఒకరు కింద, ఒకరు పైన ఉండి చూద్దామనుకుంటారు అందరూ. చిక్కేమిటంటే, కింద ఎప్పుడూ ముప్పై మంది చప్పట్లు కొడుతూనే ఉంటారు. పైనున్న మనిషికి మనది ఏదో ఎలా తెలుస్తుంది? మేం ముందే లెక్క పెట్టుకున్నాం. మూడు కొట్టి, ఆగి, రెండు. నేను పైకెక్కి ఆయాసపడుతూ ఫోన్ చేశాను.

"ఇప్పుడు కొట్టవోయ్."

"కొట్టానండీ. వినబడిందా?"

"ఎవరో ఒకటే పనిగా కొడుతున్నారు. ఆగనీ... ఆఁ, ఇప్పుడు మళ్లీ."

మూడు. ఆగి. రెండు. చాలా చిన్నగా, పక్క గదిలో ఎవరో పిలిచినట్టు. అంత కొండ, అంత దూరం. ఫోన్లో తను నవ్వుతున్నది కూడా వినబడుతోంది, కానీ ఆ ఐదు చప్పట్లే నాకు గుర్తున్నాయి. అలా చేయాలంటే కొంచెం పొద్దుండగానే ఎక్కండి, జనం తగ్గాక ఇంకా స్పష్టంగా వినబడుతుంది.

రామదాసు బందీఖానా ఎక్కడుంది?

ఎక్కే దారిలోనే, బోర్డు ఉంటుంది. ఖజానా డబ్బుతో భద్రాచలం గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను తానీషా బంధించింది ఇందులోనే. పన్నెండేళ్లున్నాడని చెప్పుకుంటారు. ఆయన మేనమామలు అక్కన్న, మాదన్నలు అదే తానీషా దగ్గర మంత్రులు. చీకటి గది, పైనుంచి పడే కాస్త వెలుతురు, గోడ మీద చెక్కిన దేవుళ్లు. అప్పటిదాకా సెల్ఫీలు దిగుతున్నవాళ్లు కూడా లోపలికి వెళ్లగానే గొంతు తగ్గిస్తారు.

సౌండ్ అండ్ లైట్ షో చూడాలా?

కాళ్లు ఇంకా మీ మాట వింటుంటే చూడండి. ఇంగ్లిష్, హిందీ, తెలుగు వేర్వేరు సమయాల్లో, వేర్వేరు రోజుల్లో ఉంటాయి. లోపలికి వెళ్లేటప్పుడే కౌంటర్ దగ్గర ఆ రోజు భాష ఏదో అడగండి. దోమల మందు రాసుకోండి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాడే తలుపు తీయడంతో కోట పడిపోయిందన్న ఘట్టం, అదే గోడల మధ్య చీకట్లో కూర్చుని వింటే ఒళ్లు జలదరిస్తుంది. షో అయ్యాక అందరూ ఒకేసారి బయటపడతారు, ఆటోవాళ్లు నోటికొచ్చింది అడుగుతారు. పదిహేను నిమిషాలు లోపలే ఆగి రండి, ధర దానంతట అదే దిగుతుంది.

ఖర్చెంత అవుతుంది? మేం అమెరికా నుంచి వస్తున్నాం.

చార్మినార్, గోల్కొండ టికెట్లు మనిషికి పాతిక రూపాయల చొప్పున ఉన్నాయి. చౌమహల్లాకు ఇంకాస్త ఎక్కువ. టికెట్ల కంటే క్యాబ్‌లకే ఎక్కువ పోతుంది. విదేశీయులకు చార్మినార్ టికెట్ 300. అయితే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లు భారతీయుల ధరే ఇస్తే చాలు. కార్డు హోటల్లో వదిలేసి వచ్చి కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకండి.

మాకు హిందీ, ఉర్దూ రావు. ఇబ్బందా?

ఏమీ ఉండదు. చాలామంది దుకాణదారులకు తెలుగు వచ్చు, కొందరికి మనకంటే బాగా వచ్చు. రెండు దక్కనీ మాటలు నేర్చుకోండి. "హౌ" అంటే అవును, "నక్కో" అంటే వద్దు. లాడ్‌బజార్‌లో రెండోది ఎక్కువ అక్కరకొస్తుంది.

పెళ్లి కాలేదు, ఇద్దరం తిరగొచ్చా? ప్రీవెడ్డింగ్ షూట్ చేసుకోవచ్చా?

తిరగొచ్చు, టికెట్ కొంటే ఎవరూ ఏమీ అడగరు. షూట్‌కు మాత్రం ముందుగా అనుమతి, విడిగా రుసుము ఉంటాయి. పెద్ద కెమెరా, లైట్లు కనబడగానే ఆపేస్తారు.

గోడ మీద మా పేర్లు...

వద్దు. చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. గోల్కొండ గోడల మీద బాణం గుచ్చిన గుండెలు ఇప్పటికే చాలానే ఉన్నాయి. ఆ జంటల్లో ఎన్ని ఇంకా కలిసున్నాయో అని మా ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది.

బాత్‌రూమ్‌ల సంగతి?

చౌమహల్లాలో ఉన్నవి నయం. గోల్కొండలో కొండ ఎక్కకముందే కింద చూసుకోండి.

ఇంకో పూట దొరికితే?

కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది కాబట్టి ముందే కనుక్కుని వెళ్లాలి. దాన్ని కట్టించిన రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి, జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమెకు పరదా ఉండటంతో ఆ భవనం చుట్టూ తిరిగి చూసే వీల్లేదు. అందుకని ఆమె ఉండే జనానా తోటలో ఆ భవనానికే చిన్న నమూనా కట్టించాడు. స్తంభాలతో సహా, బొమ్మరిల్లులా. ఆయన 1805లో కలకత్తాలో చనిపోయాడు. పిల్లలిద్దరినీ అప్పటికే ఇంగ్లండ్ పంపేశారు, తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. భాగమతి కథకు ఆధారాలు వెతుక్కోవాలి, ఈ కథకు ఉత్తరాలే ఉన్నాయి.

ఇంటికి ఏం తీసుకెళ్లాలి?

లక్క గాజులు దూదిలో చుట్టించుకోండి, ఎండలో కారులో వదిలితే మెత్తబడతాయి. ఉస్మానియా బిస్కెట్లు రెండు డబ్బాలు కొనండి. ఒకటి మీ వాళ్లకు, ఇంకోటి రైల్లోకి. ఒక్కటే కొంటే కాజీపేట దాటేసరికి డబ్బా మాత్రమే మిగులుతుంది.